వెనక రెండు గుండీలు

ప్యాంటు జారడం మొదలైనప్పుడు నరేశ్ మూడో వరసలో కూర్చుని ఉన్నాడు.

ఆ ఆదివారం కామరాజు ఇన్‌స్టిట్యూట్ సభకు పంజగుట్ట ఫంక్షన్ హాలు కిక్కిరిసి ఉంది. కుర్చీలు చాలక కుర్రాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. వేదిక మీద కామరాజు జోకు ఒకటి వేసి, భుజాల మీది ఎర్ర సస్పెండర్ పట్టీల కింద బొటనవేళ్ళు దూర్చి, ముందుకు లాగి వదిలాడు. ఆ టప్పుమనే చప్పుడు కోసమే వెనక వరసల వాళ్ళు ఈలలు వేస్తారు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే సార్లు సందుకు పదిమంది ఉంటారు గానీ పట్టీల సార్ ఒక్కడే. మైత్రీవనం ఎదుట హోర్డింగు మీద ఆయన ముఖం కన్నా ముందు కంటికి తగిలేది ఆ ఎర్ర పట్టీలే.

ఈసారి టప్పు వినపడలేదు. పట్టీలు వెనక నుంచి భుజాల మీదుగా ఎగిరొచ్చి, రెండు పాముల్లా ముందుకు వేలాడాయి.

నరేశ్ లేచి నిలబడ్డాడు. ఏం జరగబోతోందో ఆ హాల్లో అందరికన్నా ముందు తెలిసింది అతనికే. అది తను కుట్టిన, బెల్టు లూపులు లేని ప్యాంటు. భుజాల మీంచి వేలాడాలి కాబట్టి నడుం దగ్గర కావాలనే వదులుగా కోసిన ప్యాంటు. పట్టీ వదిలితే దాన్ని ఆపేది ఏదీ లేదు.

కామరాజు ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో మార్కర్ పెన్ను. ఏది వదలాలో తేల్చుకునే లోపే ప్యాంటు మోకాళ్ళు దాటింది. ప్రొజెక్టర్ వెలుగు సరిగ్గా చారల డ్రాయరు మీద పడింది.

హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వు.

తెర పక్క నుంచి వివేక్ పరుగెత్తుకొచ్చాడు. కామరాజు దగ్గర చదివి, ఆయన దగ్గరే పాఠాలు చెబుతున్న కుర్రాడు. చేతిలో ఉన్న శాలువా విప్పి గురువు నడుముకు చుట్టేసి లోపలికి తీసుకుపోయాడు. వేదిక అంచు నుంచి నల్లగుండీ ఒకటి దొర్లుకుంటూ వచ్చి నరేశ్ బూటు దగ్గర ఆగింది. అతను వంగి తీసుకున్నాడు.

గ్రీన్ రూంలో కామరాజు శాలువాలోనే కుర్చీలో కూలబడి ఉన్నాడు. చెమటకు కళ్ళజోడు మసకబారింది. నరేశ్‌ని చూడగానే ముఖం ఎర్రబడింది.

“ఏంటయ్యా ఇది? పొద్దున్నే మైకులో నీ షాపు పేరు చెప్పించుకున్నావు కదా. వెళ్ళి మళ్ళీ చెప్పమంటావా?”

“సార్, గుండీలు నేను కుట్టలే...”

“మరెవరు కుట్టారు? మీ ఇంటి పిల్లి కుట్టిందా?”

“ఒకామె ఉన్నది సార్. భూలక్ష్మి. ఇయ్యాల్నే పనిలకెళ్లి తీసేస్త.”

ఆ పేరు ఎంత తొందరగా నోట్లోంచి ఊడిపడిందో నరేశ్‌కే ఆశ్చర్యం వేసింది. వివేక్, గుమ్మంలో ఉన్న మిగతా సార్లు, అందరూ విన్నారు. విప్పి పడేసిన ప్యాంటును కామరాజు కాలితో అతని వైపు నెట్టాడు.

“స్టాఫ్ అందరికీ కోట్లు, ప్యాంట్లు నీకే ఇద్దామనుకున్నాను. ఇక పో.”

*

అమీర్‌పేటలో జిరాక్స్ షాపుకీ, లేడీస్ హాస్టల్‌కీ మధ్య ఇరుక్కున్న దుకాణం అది. బోర్డు మీద ‘పెంటయ్య అండ్ సన్’ అని ఉంటుంది. నరేశ్ వచ్చేసరికి కబురు అతని కన్నా ముందే వచ్చేసింది. జిరాక్స్ షాపు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఒకడు పట్టీ లాగినట్టు, ఇంకోడు ప్యాంటు జారినట్టు ఆడుతున్నారు.

భూలక్ష్మి షట్టర్ పక్కన చాప మీద కూర్చుని షర్టుకు కాజా కుడుతోంది. వేలికి ఇత్తడి తొడుగు. ఆమె వెనక నరేశ్ తండ్రి పెంటయ్య పాత మిషను ముందు బొబ్బిన్‌కి దారం చుడుతున్నాడు. ప్యాంటు ట్రయల్ వేసి చూసుకున్న బ్యాంకు ఉద్యోగి స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

“భూలక్ష్మీ, లే.”

పెంటయ్య తలెత్తాడు. “పొద్దుగాల దాంక అక్కా అక్కా అన్నవ్. అక్క ఏడబోయిందిరా నోట్లకెళ్లి?”

“నువ్వూకో బాపూ. నీకు తెల్వదు.” నరేశ్ ప్యాంటు కౌంటర్ మీద విసిరాడు. “గుండీలు ఊడినయ్. ఎనక రెండూ. అంతమంది ముందట ఆ సార్ ఇజ్జత్ పోయింది. నాది సుత పోయింది.”

“నా గుండీ ఊడిందా?” భూలక్ష్మి సూదిని చీర కుచ్చిళ్ళకు గుచ్చుకుని లేచింది. “బట్ట చినిగితే చినుగుతది. నా గుండీ ఊడదు నరేశూ.”

“నా కండ్లతోని చూసిన.”

“ఊడంగ చూసినవు. ఎట్ల ఊడిందో చూసినవా?”

బ్యాంకు ఉద్యోగి పేపరు కొద్దిగా దించి చూస్తున్నాడు. నరేశ్‌కి అది తెలుస్తోంది. గొంతు పెంచాడు. “వాదన వద్దు. రేపటి సంది రాకు.”

ఆమె ఇత్తడి తొడుగు తీసి కొంగు చివర ముడి వేసింది. సూదుల పొట్లం, చిన్న కత్తెర సంచిలో వేసుకుంది. సగం కుట్టిన కాజా ఉన్న షర్టును మాత్రం మడతలు పడకుండా చాప మీద పరిచి, మెట్టు దిగి, ఆగింది.

“ఆ సార్ ముందట నా పేరు చెప్పినవా?”

“...చెప్పిన.”

“సరే.”

ఆమె ఎర్రమంజిల్ బస్సు ఆగే వైపు నడిచిపోయింది. పెంటయ్య బొబ్బిన్ చుట్టడం ఆపేసి, తెగిన దారం కొసను నోట్లో పెట్టుకుని తడిపాడు. కొడుకు వైపు చూడలేదు.

బ్యాంకు ఉద్యోగి గొంతు సవరించుకున్నాడు. నరేశ్ తేరుకుని అతని ప్యాంటు తీసి కౌంటర్ మీద పరిచాడు. ఈ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. తయారైన బట్టకు నడుం పట్టీ వెనక భాగంలో, లోపలి వైపు తాత్కాలికంగా వేసిన కచ్చా కుట్టు మాత్రం విప్పకుండా ఉంచుతారు. కొలత సరిపోయిందని గిరాకీ తలూపాకే, అతని కళ్ళ ముందే ఆ తెల్లదారం తీస్తారు. పెంటయ్య వేళ్ళతో లాగేవాడు. నరేశ్ సగం బ్లేడు పట్టాడు. రెండు వేళ్ళ మధ్య బ్లేడు పెట్టి, ఆ చివర్నుంచి ఈ చివరకు ఒక్క ఊపులో సర్రున గీస్తే, దారం దూదిలా లేచి వస్తుంది. చూసేవాళ్ళకు రిబ్బను కత్తిరించినంత సంబరం. మొన్న కామరాజు కూడా ఇక్కడే నిలబడి చప్పట్లు కొట్టాడు.

సర్ర్.

“ఇగో సార్. ఇప్పుడు మీదైంది.”

“బ్లేడు గడ్డానికిరా, గుడ్డకు కాదు,” అని వెనక నుంచి గొణిగాడు పెంటయ్య, ఎప్పుడూ అనేట్టే.

గిరాకీ వెళ్ళాక నరేశ్ కామరాజు ప్యాంటు తిరగేసి వెలుగుకు పట్టుకున్నాడు. వెనక నడుం పట్టీ లోపలి వైపు, గుండీలు ఉండాల్సిన చోట దారం మొదళ్ళు మిగిలాయి. వేలితో సవరించి చూశాడు.

సగం పోగులు కుచ్చులా పీచులు పీచులుగా ఉన్నాయి. లాగితే తెగినవి. మిగతా సగం చివరలు ఒకే ఎత్తులో, నున్నగా ఉన్నాయి.

కోసినవి.

రెండో గుండీ దగ్గరా అంతే. ఎవరో సగం కోసి వదిలారు. వేసుకున్నప్పుడు ఆగి, నలుగురి ముందు పట్టీ లాగినప్పుడు తెగేలా.

*

“గ్రీన్ రూంల ఈ ప్యాంటు దగ్గర ఎవరున్నరు సార్?”

మర్నాడు ఇన్‌స్టిట్యూట్ గదిలో నరేశ్ ఆ దారాలు చూపించి అడిగాడు. కామరాజు కిటికీలోంచి కిందికి చూస్తున్నాడు. సందులో కరెంటు స్తంభాల మీద ఆయన క్లాసు పోస్టర్లు ఉన్నాయి. రాత్రికి రాత్రి ఎవరో ప్రతి పోస్టర్లోనూ సార్ బొమ్మకు చారల డ్రాయరు గీసిపెట్టారు. బుధవారం మొదలవ్వాల్సిన బ్యాచ్‌లో చేరిన కుర్రాళ్ళు ఎదుటి మేడ మీది ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కుతున్నారు. అలా చూస్తూ ఆయన ఎడం చేత్తో ప్యాంటు నడుం పట్టుకునే ఉన్నాడు. ఈ రోజు వేసుకున్నది మామూలు బెల్టు ప్యాంటే. అయినా చెయ్యి అక్కణ్ణించి కదలడం లేదు.

“నేను కిందికి దిగి అతిథుల్ని పలకరిస్తున్నాను. బట్టలు తగిలించి వెళ్ళాను. లోపల వివేక్ ఒక్కడే ఉన్నాడు.” ఆగాడు. “అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.”

నరేశ్ ప్యాంటు మీది నున్నటి దారాల వైపు చూశాడు. బ్లేడు.

“ఎదుటి మేడ వాళ్ళు వాణ్ణి పిలుస్తున్నారని నాకు తెలుసు,” అన్నాడు కామరాజు నెమ్మదిగా. “వెళ్ళనని అన్నాడు. నేను నమ్మాను.” ఇటు తిరిగాడు. కళ్ళలో నిద్ర లేని ఎరుపు. “చూడు నరేశ్. గుండీ ఊడిందంటే జనం నవ్వుతారు. ద్రోహం జరిగిందంటే జాలిపడతారు. నా బ్యాచ్ నిలబడాలంటే ఇది ద్రోహం అని అందరికీ తెలియాలి. బుధవారం స్టాఫ్ మీటింగ్ పెడతాను. పిల్లల్లో నలుగుర్ని కూడా పిలుస్తాను. ఆ ప్యాంటు పట్టుకొచ్చి, ఈ దారాలు చూపించి, సంగతేంటో అందరి ముందూ నువ్వే చెప్పు.”

“అట్లనే సార్.”

“ఇంకో ప్యాంటు కుట్టు. అలాంటిదే. ఆ రోజు అదే వేసుకుంటాను. క్లిప్పులవి వద్దు, గుండీలవే. భయపడి మానేశాడని అనుకోకూడదు ఎవడూ.” తలుపు దాకా వచ్చి భుజం తట్టాడు. “కోట్ల సంగతి మర్చిపోలేదులే.”

నరేశ్ మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. కింద టీ బండి దగ్గర వివేక్ నిలబడి ఉన్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది.

“నరేశ్ గారూ, ఒక్క నిమిషం. పైన నా పేరు వచ్చిందా?”

“గంత జల్ది శాలువా ఏడికెళ్లొచ్చింది నీకు?”

“సన్మానం శాలువా అండీ అది! చివర్లో ఆయనకి కప్పాలని చేతిలో పట్టుకునే నిలబడ్డాను. అది చేతిలో లేకపోతే చొక్కా విప్పి చుట్టేవాణ్ణి.”

“గ్రీన్ రూంల బ్లేడు?”

“గడ్డం గీసుకోడానికి బ్లేడు కాక పార పట్టుకోవాలా?” వివేక్ గ్లాసు బండి మీద పెట్టాడు. “అన్నా, చూడు. ఆయన నాకు పాఠం చెప్పాడు, కడుపు నింపాడు. ఇప్పుడు గురువు ప్యాంటు కోసినవాడన్న పేరు నా మీద పడిందనుకో, ఈ సందులో ఏ బోర్డు ముందూ నిలబడలేను. ఆ ఎదుటి మేడవాడు కూడా రానివ్వడు. నువ్వు కళ్ళతో చూశావా?”

అదే మాట అటూ ఇటూ మారి నిన్న భూలక్ష్మి నోట కూడా విన్నట్టు నరేశ్‌కి అనిపించింది. ఆమెను మళ్ళీ పనికి పిలిపించాలి అనుకున్నాడు. మీటింగ్ అయ్యాక. ముందు పని కావాలి కదా.

*

కొత్త ప్యాంటు మంగళవారం మధ్యాహ్నానికి తయారైంది. భూలక్ష్మి లేదు గనుక గుండీలు నరేశే కుట్టాడు. ముందు నాలుగు, వెనక రెండు, ఆరూ నడుం పట్టీకి లోపలి వైపే. బయటికి కనిపించకూడదని కామరాజు కోరిక. దారానికి మైనం రాశాడు. గుండీ కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల లాగేసి, మిగిలిన వదులు మీద దారాన్ని చుట్టూ చుట్టి మెడలా బిగించాడు. చివరి ముడి వేసి గుంజి చూశాడు. బట్ట కదిలింది గాని గుండీ కదల్లేదు.

ఇది తెగాలంటే బ్లేడు పడాల్సిందే అనుకున్నాడు. వివేక్ ముఖం గుర్తొచ్చింది. పళ్ళు బిగించాడు.

హాస్టల్ పిల్లలు ఇద్దరు చుడీదార్ల కోసం వచ్చి కౌంటర్ దగ్గర ఆగారు. ఒకమ్మాయి సస్పెండర్ల ప్యాంటు చూసి రెండో అమ్మాయి చెవిలో ఏదో అని కిసుక్కున నవ్వింది. నరేశ్‌కి పౌరుషం వచ్చింది. కామరాజు లేకపోయినా ప్యాంటు తీసి బల్ల మీద పరిచాడు. సగం బ్లేడు వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. చూడండి, మా పని ఎట్లుంటదో. కచ్చా కుట్టు కిందికి బ్లేడు దూర్చి, ఆ చివర్నుంచి ఈ చివరకు ఒక్క ఊపులో గీశాడు.

సర్ర్.

వెనక కుట్టు మధ్యకు వచ్చేసరికి బ్లేడు ఎక్కడో కొద్దిగా తట్టుకుంది. కచ్చా దారం కన్నా గట్టిది. ఊపులో ఉంది కదా, దాటేసింది. మళ్ళీ కొంచెం ముందుకు పోగానే ఇంకోసారి తట్టుకుంది. దాటేసింది.

తెల్లదారం దూదిలా లేచింది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

నరేశ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ తట్టు అతని వేళ్ళకు కొత్త కాదు. మొన్న కామరాజు ఇక్కడే నిలబడి, “ఏంటయ్యా, ఆపరేషన్ చేస్తున్నావా?” అని నవ్విన క్షణంలోనూ బ్లేడు రెండుసార్లు ఇలాగే తట్టుకుంది. అప్పుడు తను కూడా నవ్వుతున్నాడు. బెల్టు ప్యాంట్లకు నడుం లోపల గుండీలు ఉండవు. అన్నేళ్ళుగా బ్లేడుకు అక్కడ ఏదీ అడ్డం రాలేదు. చేతికి అలవాటైన ఊపు అది. గుండీల ప్యాంటు ఈ దుకాణంలో అదే మొదటిది.

అమ్మాయిలు వెళ్ళిపోయారు. అతను నడుం పట్టీ తిప్పాడు. తిప్పకముందే తెలుసు.

వెనక రెండు గుండీలూ ఉన్నాయి. వాటి మెడల్లో సగం పోగులు తెగి నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఒకే ఎత్తులో, నున్నగా.

బయట బస్సులు పోతున్నాయి, జిరాక్స్ మిషను వెలుగు గోడ మీద వచ్చి పోతోంది. ఎవరికీ తెలియదు. ఈ రెండు గుండీలు మళ్ళీ కుట్టేస్తే ఇక ఎప్పటికీ తెలియదు. రేపు పాత ప్యాంటు తీసుకెళ్ళి దారాలు చూపిస్తే చాలు. పేరు కూడా తను చెప్పక్కర్లేదు. కామరాజే చెబుతాడు.

సూదిలోకి దారం ఎక్కించాడు. రెండుసార్లు తప్పింది.

“కుట్టిన గుండీ మళ్ళా కుడుతున్నవేందిరా?” పెంటయ్య మిషను దగ్గర్నుంచి అడిగాడు.

“వదులైంది బాపూ.”

పెంటయ్య లేచొచ్చాడు. కౌంటర్ మీది సగం బ్లేడును చూశాడు. ప్యాంటును చూశాడు. తెగిన పోగు ఒకటి వేలి కొసకు అంటించుకుని కళ్ళ దగ్గరకు తెచ్చుకున్నాడు. నరేశ్ తల వంచుకుని కుడుతూనే ఉన్నాడు, చెవులు మాత్రం మండుతున్నాయి. ముసలాయన తిడతాడని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

“బోర్డు మీద నా పేరు ముందున్నదిరా,” అన్నాడు పెంటయ్య. “నువ్వేం చేసినా ముందు నాకు తగుల్తది. జర యాదిల పెట్టుకో.”

బ్లేడు తీసి కిటికీ అవతల మురిక్కాలవలో పడేసి, వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు.

*

బుధవారం పొద్దున, కొత్త ప్యాంటు కామరాజుకు అందించి నరేశ్ వెళ్ళేసరికి, ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక సందులో భూలక్ష్మి గుమ్మం ముందు బియ్యం చెరుగుతోంది. నరేశ్ స్కూటర్ ఆపినా చేట ఆపలేదు.

“అక్కా.”

“అక్క దొరికిందా మళ్ళ?”

అతను నిలబడే చెప్పాడు. బ్లేడు, తట్టు, నున్నటి పోగులు. దాచకుండా చెప్పాడు. ఆమె మెరిగలు ఏరుతూ విన్నది.

“తప్పు నాదే అక్కా. పనికి రా.”

“పనిది ఏమున్నది? మధురానగర్‌ల బొటిక్కామె రేపటి సంది రమ్మన్నది.” చేట పక్కన పెట్టింది. “గీడ నా ఒక్కదాని ముందట చెప్తే ఏం లాభం నరేశూ? ఎవల ముందట నా పేరు పెట్టినవో, ఆళ్ళ ముందట తీసెయ్.”

“తీస్తే... కోట్ల ఆర్డర్ పోతది. షాపుకు మళ్ళ ఎవడన్న వస్తడో రాడో.”

“పోనీ, తియ్యకు.” ఆమె లేచి లోపలికి వెళ్ళింది. నరేశ్ స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి ఆమె చీర సర్దుకుని, తలుపుకు గొళ్ళెం పెట్టి, వచ్చి వెనక సీటు మీద కూర్చుంది. “పోనియ్. నేను సుత వింట.”

కంప్యూటర్ ల్యాబ్ బయట చెప్పులు కుప్పగా ఉన్నాయి. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని ఎవరైనా సరే చెప్పులు విప్పాల్సిందే. లోపల చల్లటి గదిలో ప్లాస్టిక్ కవర్లు కప్పిన కంప్యూటర్ల మధ్య స్టాఫ్, నలుగురు విద్యార్థులు మేజోళ్ళతో నిలబడి ఉన్నారు. వివేక్ ఒక్కడే చివర, గోడకు ఆనుకుని. అతని చుట్టూ ఎవరూ లేరు. అప్పుడే జాగా వదిలేశారు.

కామరాజు కొత్త ప్యాంటు వేసుకున్నాడు. ఎర్ర పట్టీలు ఛాతీ మీద నిటారుగా ఉన్నాయి. వాటి కిందికి మాత్రం వేళ్ళు పోవడం లేదు. ఎడం చెయ్యి నడుం పట్టీని గట్టిగా పట్టుకునే ఉంది.

“అందరూ వచ్చారా? సరే.” ఆయన గొంతు పాఠం చెప్పే గొంతు. “ఆదివారం జరిగినదానికి మీరంతా నవ్వుకున్నారు. తప్పు లేదు. కానీ అది జరిగింది కాదు. చేసింది. నరేశ్, చూపించు.”

నరేశ్ పాత ప్యాంటు తిరగేసి బల్ల మీద పెట్టాడు. తలలు ముందుకు వంగాయి.

“సగం దారం కోసి ఉంది. బ్లేడుతో. కనబడుతోందా?” కామరాజు చూపు గోడ దాకా పోయింది. “మన మధ్య ఉన్నవాడే. మన అన్నం తిన్నవాడే.”

“సార్, మీ కాళ్ళు మొక్కుతాను, నేను...” వివేక్ మాట పూర్తి చేయలేకపోయాడు. మేజోడు చిరుగులోంచి అతని బొటనవేలు నేలను నొక్కుతోంది.

“నిన్ను అడగలేదు. గుండీలు కుట్టినావిడ తప్పు కాదు కదా నరేశ్?”

“కాదు సార్.” నరేశ్ గుమ్మం వైపు తిరిగాడు. “భూలక్ష్మక్క తప్పు కాదు. ఆరోజు నేను అబద్ధంగ ఆమె పేరు చెప్పిన. గామె గీడనే ఉన్నది.”

గుమ్మం దగ్గర భూలక్ష్మి కొంగు చివరి ముడిని పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉంది. అందరూ అటు చూసి మళ్ళీ ఇటు తిరిగారు. కామరాజు ముఖంలో ఓపిక తరిగిపోతోంది.

“సరే, అదయిపోయింది. కోసిందెవరో చెప్పు. భయపడకు. నీ వెనక నేనున్నాను.”

నరేశ్ జేబులోంచి కొత్త ప్యాంటు మీంచి తీసిన తెల్లటి కచ్చా దారం ఉండ తీసి, పాత ప్యాంటు పక్కన పెట్టాడు. దానికి అంటుకుని తెగిన నల్లపోగులు రెండు మూడున్నాయి.

“ఇది ఇప్పుడు మీరు వేసుకున్న ప్యాంటుది సార్. మొన్న మీ ముందట ఎట్ల గీసిన్నో, నిన్న సుత అట్లనే గీసిన. మీరు నవ్విన్రు, చప్పట్లు కొట్టిన్రు. యాదికున్నదా?”

కామరాజు ఆ దారం వైపు చూశాడు. బల్ల మీది నల్లపోగుల వైపు చూశాడు. ఆయన ఎడం చెయ్యి మెల్లగా నడుం పట్టీ వదిలేసింది.

“పేరు,” అన్నాడు. “పేరు చెప్పు.”

గోడ దగ్గర వివేక్ తలెత్తాడు.

“నరేశ్, సార్. పెంటయ్య కొడుకు నరేశ్.”